ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద 84

ఉదయం ఎనిమిదిన్నరకి ఎన్ఏడీ జంక్షన్ దాటిన వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉంటారు. అయితే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. ఆ టైంలో, ఆ ఫ్లైఓవర్ కింద, ముందు ఆటోలు, వెనక కంటైనర్ లారీ, పక్కన హారన్ కొడుతున్న సిటీ బస్సు ఉండగా, ఒక బస్సు గంటకి 84 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్ళగలదా?

నవ్వొచ్చింది కదా. మా డ్రైవర్ బాబాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆయన జీతంలో 500 రూపాయలు కట్ అయ్యాయి.

నేను గాజువాక నుంచి కాలేజీకి వచ్చే బస్సు ఒక ప్రైవేట్ కాంట్రాక్టర్‌ది. డ్యాష్‌బోర్డ్ కింద ఒక చిన్న నల్ల డబ్బా ఉంటుంది, అదే జీపీఎస్ ట్రాకర్. బస్సు 60 దాటితే కాంట్రాక్టర్ ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. మెసేజ్ వెళ్తే డబ్బు కట్. బాబాయ్ వెళ్ళి "సార్, అక్కడ నడిచి వెళ్ళేవాళ్ళు కూడా నన్ను దాటేస్తారు" అని చెప్పుకున్నాడట. వచ్చిన జవాబు: "జీపీఎస్ అబద్ధం చెప్పదు."

ఆ మాట బాబాయ్ మాకు చెప్పినప్పుడు బస్సులో ఉన్న సీఎస్ఈ వాళ్ళం అందరం తలూపాం. అవును కదా, శాటిలైట్ కదా, అబద్ధం ఎందుకు చెప్తుంది అని. నేనూ ఊపాను. ఈ వ్యాసం ఆ తలూపుడు గురించే. జీపీఎస్ కావాలని అబద్ధం చెప్పదు, నిజమే. కానీ అది చెప్పే ప్రతి నంబర్‌తో పాటు "ఈ నంబర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు" అనే ఇంకో నంబర్ కూడా ఉంటుంది. ఆ రెండోదాన్ని స్క్రీన్ మీద పెట్టకుండా దాచేది మనలాంటి వాళ్ళే, అంటే ఆ యాప్‌లు రాసేవాళ్ళు. రెండేళ్ళలో మనం రాయబోయేవి కూడా అలాంటి యాప్‌లే.

(ముందే చెప్పేస్తున్నా, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్కని అడగండి, నన్ను కాదు.)

ఇదంతా నాకు తట్టింది ఒక పసుపు డబ్బా వల్ల. జాలరిపేట నుంచి వచ్చే మా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నగారు మెకనైజ్డ్ బోటు మీద వేటకి వెళ్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, పెయింట్లు వేసుకుంటారు. అలాంటప్పుడే వాడు ఇంట్లోంచి పాలిథీన్ కవర్‌లో చుట్టిన పాత గార్మిన్ ఈట్రెక్స్ ఒకటి క్లాస్‌కి పట్టుకొచ్చాడు. పసుపు రంగు, అరచేతిలో పట్టేంత, బ్లాక్ అండ్ వైట్ స్క్రీన్, రెండు పెన్ను సెల్లులు. మ్యాప్ లేదు, టచ్ లేదు. ఇప్పుడు వాళ్ళ బోటులో పెద్ద స్క్రీన్ ఉన్న ప్లాటర్ బిగించేశారు. ఇది స్పేర్.

ఆన్ చేస్తే చూపించిన తేదీ 2006 సెప్టెంబర్. అప్పటికి నేనింకా పుట్టలేదు. మొదట పాడైపోయిందనుకున్నాం. తర్వాత తెలిసింది, పాత జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్కకి 10 బిట్లే ఇచ్చారు. 1024 వారాలు అయ్యాక మళ్ళీ సున్నా. 2019 ఏప్రిల్ 6న అలా రెండోసారి సున్నా అయింది, ఆ సంగతి తెలియని పాత డబ్బాలన్నీ దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయాయి. ఇంటిజర్ ఓవర్‌ఫ్లో అని ల్యాబ్‌లో చదివినప్పుడు ఆవులింత వచ్చింది. చేతిలో పట్టుకున్నప్పుడు రాలేదు.

అంకుల్ ఒక్కటే షరతు పెట్టారు. "ఏటైనా చేస్కోండి బాబూ, లోపల మార్కులు మాత్రం ఒక్కటి కూడా చెరపకండి."

ఆ మార్కులు ఏంటో చూశాం. నలభైకి పైగా ఉన్నాయి. ఒక్కోటి సముద్రంలో ఒక్కో చోటు, ఎక్కువ రాతి నేల ఉన్న చోట్లు, చేప ఆగే చోట్లు. వాళ్ళ తాతగారి టైంలో ఇవే చోట్లని కొండల్ని బట్టి పట్టుకునేవారట. ఒక వైపు యారాడ కొండ కొస వెనక కొండతో ఒక వరసలోకి రావాలి, ఇంకో వైపు ఇంకో రెండు గురుతులు వరసలోకి రావాలి. రెండు గీతలు కలిసిన చోట వల. ఆలోచిస్తే రెండు ఈక్వేషన్లు, రెండు అన్‌నోన్స్. పొగమంచు రోజున మాత్రం సొల్యూషన్ ఉండదు. ఆ మార్కులు పక్క బోటు వాళ్ళకి చెప్పరు. ఇంటి అల్లుడికి కూడా వెంటనే చెప్పరని మావాడు అన్నాడు, అది జోకో నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

సముద్రంలో గీతలు కనపడవు కాబట్టి ఈ డబ్బా అక్కడ సరదా వస్తువు కాదు. తండేల్ సినిమా చూశారు కదా. దాని వెనకున్న అసలు కథలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్ళి 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర బయటికొచ్చారు. ఏడాది పైగా జైలు. లైన్ దాటామా లేదా అనేది వాళ్ళకి గూగుల్ మ్యాప్స్‌లో టర్న్ మిస్ అవడం లాంటిది కాదు.

మేమైతే మొదట ఆడుకున్నాం. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. క్యాష్ అంటే డబ్బు కాదు, ప్రాసెసర్‌లో ఉండే క్యాష్ ఉంది చూడండి, ఆ స్పెల్లింగ్. ఒకరు డబ్బా దాచి దాని అక్షాంశం, రేఖాంశం చెప్తారు, మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుకుతారు. దీని పుట్టుక భలే ఉంటుంది. అమెరికా తన జీపీఎస్ సిగ్నల్‌లో మామూలు జనానికి కావాలనే తప్పు కలిపి పంపేది, వంద మీటర్ల వరకు తేడా వచ్చేలా. 2000 మే మొదట్లో ఆ తప్పు కలపడం ఆపేశారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగన్‌లో రోడ్డు పక్కన ఒక నల్ల బకెట్ దాచి, కోఆర్డినేట్స్ ఇంటర్నెట్‌లో పెట్టాడు. తప్పు ఎంత తగ్గిందో చూద్దాం అన్నట్టు. అంటే ఈ ఆట పుట్టిందే ఆక్యురసీ టెస్ట్‌గా! ఇప్పుడు ప్రపంచమంతా కలిపి 30 లక్షల పైనే దాచిన చోట్లు ఉన్నాయి. మన దేశంలో చాలా తక్కువ.

మేం క్యాంటీన్ వెనక వేపచెట్టు దగ్గర ఖాళీ జండూబామ్ సీసా దాచాం. లోపల ఒక చీటీ. ఐదుగురు వెతికారు. డబ్బా "2 మీటర్లు" అని చూపిస్తోంది, మనిషి మాత్రం సీసాకి తొమ్మిది అడుగులేసే దూరంలో డ్రైనేజీ మూత దగ్గర కూర్చుని చూస్తున్నాడు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే బాణం గుర్తు దానంతటదే తిరిగిపోతుంది. మూడంతస్తుల బిల్డింగ్ ఆనుకుని వెళ్తే ఇంకా ఘోరం, మనం బయట ఉంటే లోపల ఈసీఈ ల్యాబ్‌లో ఉన్నామంటుంది. సెక్యూరిటీ అంకుల్ వచ్చి "ఏం బాబూ, ఏం పారేసుకున్నారు?" అన్నారు. చెప్పాం. ఆయన మొహం మారిపోయింది. "డబ్బా దాచారా? లోపల ఏముంది?"

ఆయన తప్పేం లేదు. మనది నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ ఉన్న ఊరు. ఇక్కడ పబ్లిక్ ప్లేస్‌లో ఎవరైనా డబ్బా దాచి కోఆర్డినేట్స్ షేర్ చేస్తే దాన్ని ముందు కనిపెట్టేది బాంబ్ స్క్వాడ్. కాబట్టి నా సలహా, వైజాగ్‌లో ఈ ఆట డబ్బా లేకుండా ఆడండి. ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది, దాచడానికి ఏమీ ఉండదు. చోటుకి వెళ్ళి అక్కడి రాయిని, మట్టిని చూసి ప్రశ్నలకి జవాబు రాయాలి. భీమిలి దారిలో ఎర్ర మట్టి దిబ్బలు ఇంతకంటే దేనికి పనికొస్తాయి చెప్పండి (తవ్వి లారీల్లో ఎత్తుకుపోవడానికి మాత్రం కాదు). ఇంకోటి కూడా ఉంది. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం సరిగ్గా కలిసే చోటు దేవరాపల్లి పరిసరాల్లో పడుతుంది. స్క్రీన్ మీద అన్నీ సున్నాలు వచ్చే చోటు మన పక్క జిల్లాలోనే ఉంది. వెళ్దాం వెళ్దాం అనుకుంటూ సెమిస్టర్ అయిపోయింది.

ఎత్తు సంగతి కూడా చెప్తాను, మళ్ళీ స్పీడ్‌కి వచ్చేస్తా. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా నిలబడి ఫోన్‌లో జీపీఎస్ ఇచ్చే అసలు ఎత్తుని, అంటే ఏ కరెక్షన్ చెయ్యని నంబర్‌ని చూశాను. మైనస్ డెబ్బై మీటర్ల దరిదాపు! కురుసుర కంటే లోతులో ఉన్నానన్నమాట. ఫోన్ పాడవలేదు. జీపీఎస్ ఎత్తు కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, భూమికి బదులుగా లెక్కల కోసం వేసుకున్న ఒక నున్నటి గుడ్డు ఆకారం నుంచి. మన వైపు గురుత్వాకర్షణ తేడాల వల్ల అసలు సముద్రమట్టం ఆ గుడ్డు కంటే బాగా కిందకి ఉంటుంది. తమాషా ఏంటంటే, దేశం మొత్తానికి సముద్రమట్టం ఎక్కడ అని 1909లో ఖాయం చేసినప్పుడు తీసుకున్న తొమ్మిది టైడ్ గేజ్‌లలో విశాఖపట్నం ఒకటి. అంతకుముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని 1892 వరకు నడిపారు. రోజూ ఆ రోడ్డు మీద పునుగులు తింటాం, ఎవరూ చెప్పరు. కొలిచిన అంకె పక్కన ఎంత తేడా ఉండొచ్చో కూడా లెక్కేస్తారు, ఖగోళశాస్త్రం అలాగే నడుస్తుంది. ఆ అలవాటు మన ఫోన్ల దాకా వచ్చేసరికి పోయింది.

సరే, స్పీడ్.

మేం మొదట ఏమనుకున్నామంటే, పొజిషన్‌లోనే ఐదు పది మీటర్లు తప్పు వస్తుంటే స్పీడ్ ఇంకా దారుణంగా ఉంటుంది కదా అని. స్పీడ్ అంటే దూరం బై టైం. ఒక సెకనులో చుక్క పది మీటర్లు పక్కకి గెంతితే, పది మీటర్లు పర్ సెకండ్, అంటే 36 కిలోమీటర్ల స్పీడ్. నిలబడి ఉన్నవాడు కూడా సైకిల్ రేసులో గెలుస్తాడు. కానీ పసుపు డబ్బాని చేత్తో పట్టుకుని గ్రౌండ్‌లో కదలకుండా నిలబడితే, పొజిషన్ అటూ ఇటూ పాకుతున్నా స్పీడ్ మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఎందుకు?

ఎందుకంటే మంచి రిసీవర్ స్పీడ్‌ని చుక్కల మధ్య దూరంతో లెక్కకట్టదు. డాప్లర్ ఎఫెక్ట్‌తో కొలుస్తుంది. కిరండూల్ లైన్‌లో ఐరన్ ఓర్ గూడ్స్ హారన్ కొడుతూ వస్తుంటే గొంతు సన్నగా, దాటి వెళ్ళిపోయాక బొంగురుగా వినిపిస్తుంది చూడండి, అదే. శాటిలైట్ సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. మీరు శాటిలైట్ వైపు 60 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్తే ఆ ఫ్రీక్వెన్సీలో 88 హెర్ట్జ్ తేడా వస్తుంది. నూట యాభై ఏడు కోట్ల పైచిలుకులో ఎనభై ఎనిమిది! ఆ తేడాని పట్టేస్తుంది. పైగా శాటిలైట్ కూడా సెకనుకి దాదాపు 4 కిలోమీటర్లు పరిగెడుతూ ఉంటుంది, దాని భాగం తీసేయాలి, రిసీవర్‌లో గడియారం తప్పు కూడా తీసేయాలి. ఇంత చేశాక ఇలాంటి హ్యాండ్‌హెల్డ్ ఆకాశం బాగా కనిపించే చోట, ఒకే స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు, గంటకి 0.2 కిలోమీటర్ తేడాలోపే చెప్పగలదు. ఎక్కడున్నావో సరిగ్గా చెప్పలేని డబ్బా ఎంత స్పీడ్‌లో ఉన్నావో మాత్రం చక్కగా చెప్తుంది. నాకు ఈ సెమిస్టర్‌లో నేర్చుకున్న వాటన్నిటిలో ఇదే నచ్చింది, సిలబస్‌లో లేకపోయినా.

ఇంక బస్సు ఎక్కించాం దాన్ని. ఐదు రోజులు ఉదయం ఇంజన్ బాక్స్ పక్క సీట్లో నేను, నోట్‌బుక్‌తో మావాడు. నేను స్పీడోమీటర్ చదివితే వాడు డబ్బా చదివేవాడు, డ్యాష్‌బోర్డ్ మీద నా ఫోన్ మూడోది. బాబాయ్‌కి మేం ఏం చేస్తున్నామో మొదటి రోజు అర్థం కాలేదు, రెండో రోజు నుంచి ఆయనే "నలభై పెట్టాను, రాస్కోండి" అనేవాడు. స్పీడోమీటర్ 40 అంటే డబ్బా 37. 60 అంటే 55. ఫోన్ కూడా 55, ఒక్కోసారి 56. స్పీడోమీటర్ ఎప్పుడూ ఎక్కువే చూపించింది, ఒక్కసారి కూడా తక్కువ చూపించలేదు. ఇది మా బస్సు లోపం కాదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి రూల్ ప్రకారం స్పీడోమీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం అసలు స్పీడ్‌లో పదోవంతు, దానిమీద ఇంకో 4 కిలోమీటర్ల వరకు చూపించొచ్చు. అంటే నిజంగా 80లో వెళ్తే 92 దాకా చూపించినా రూల్‌కి లోబడినట్టే. బైక్ మీద స్పీడోమీటర్‌కి ఫొటో తీసి స్టేటస్ పెట్టే మా బ్యాచ్ హీరోలు ఇది రెండుసార్లు చదవాలి. మీరు కొట్టింది సెంచరీ కాదు గురూ.

ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రేక్ వేసినప్పుడు, పికప్ తీసుకున్నప్పుడు డబ్బా సెకను రెండు సెకన్లు వెనకబడుతుంది. కాబట్టి బస్సు ఒకే స్పీడ్‌లో ఉన్నప్పుడు తీసిన రీడింగ్‌లే లెక్కలోకి తీసుకున్నాం.

మూడో రోజు అసలు సీన్ జరిగింది. ఈట్రెక్స్‌లో మ్యాక్సిమం స్పీడ్ అని ఒక గడి ఉంటుంది, ప్రయాణం మొత్తంలో అత్యధిక స్పీడ్ గుర్తుపెట్టుకుంటుంది. కాలేజీ దగ్గర దిగేటప్పుడు చూస్తే అందులో 112! బస్సు మొత్తం ఖాళీ చేసి కొండ మీంచి తోసినా అంత వెళ్ళదు. మర్నాడు దాన్ని సున్నా చేసి ప్రతి జంక్షన్‌లో చూస్తూ వెళ్ళాం. గాజువాకలో మామూలే. షీలానగర్, ఎయిర్‌పోర్ట్ మామూలే. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కిందకి వెళ్ళాం, సిగ్నల్ వీక్ అని వచ్చింది, బయటికి వచ్చాం, గడిలో 97.

అదే చోటు. ట్రాకర్‌కి 84, మా డబ్బాకి ఒక రోజు 112, ఒక రోజు 97. అంటే మేం ఇంతసేపు పొగిడిన డాప్లర్ కూడా దేవుడేం కాదు. పైన కాంక్రీట్ కప్పేస్తే నేరుగా వచ్చే సిగ్నల్ పోతుంది, పక్క బిల్డింగ్‌లకి, లారీలకి తగిలి వంకరగా వచ్చిన సిగ్నల్ మిగులుతుంది. నాలుగు శాటిలైట్లు కూడా సరిగ్గా అందనప్పుడు రిసీవర్ ఏదో ఒకటి ఊహించి, మళ్ళీ అందగానే ఒక్కసారిగా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు స్పీడ్‌లా కనిపిస్తుంది. ట్రాకర్ విషయంలో ఇంకోటి కూడా ఉందని నా అనుమానం. కాంట్రాక్టర్ ఆఫీసులో అన్న ఒకాయన మాకు యాప్‌లో ఆ రోజు రూట్ చూపించాడు. చుక్క ఎన్ఏడీ దగ్గర రోడ్డు వదిలేసి పక్క షాపుల మీదకెక్కి, ఐదు సెకన్ల తర్వాత మళ్ళీ రోడ్డు మీదకొచ్చింది. ఐదు సెకన్లలో 75 మీటర్లు గెంతితే అదే 54 కిలోమీటర్ల స్పీడ్, బస్సు నిజంగా వెళ్తున్న 30 కలిపితే 84. లెక్క ఇంత చక్కగా సరిపోయేసరికి మావాడు బస్టాప్‌లోనే డాన్స్ వేశాడు. ఆ చుక్క షాపు షట్టర్‌లోంచి బస్సు నడిపినట్టు చూపిస్తోంది, అది ఎవరూ చూడలేదు. 84 ఒక్కటే చూశారు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. మన దేశంలో ప్రజా రవాణా వాహనాలకి పెట్టే ట్రాకర్లకి ఏఐఎస్ 140 అని ఒక స్టాండర్డ్ ఉంది, 2019 జనవరి నుంచి కొత్త వాహనాలకి తప్పనిసరి. ఆ స్టాండర్డ్‌లో డబ్బా సర్వర్‌కి పంపే ప్యాకెట్‌లో స్పీడ్ ఒక్కటే ఉండదు. ఫిక్స్ ఉందా లేదా, ఎన్ని శాటిలైట్లు కనిపిస్తున్నాయి, వాటి అమరిక ఎంత బాగుంది అని చెప్పే పీడీఓపీ, అన్నీ ఉంటాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి మన ఫోన్‌లో కూడా లొకేషన్ ఆబ్జెక్ట్ లోపల స్పీడ్ పక్కనే స్పీడ్ ఆక్యురసీ అనే ఫీల్డ్ ఉంది. మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ ఉండే లేత నీలం వృత్తం కూడా ఊరికే అందానికి కాదు. ఆండ్రాయిడ్ ఇచ్చే ఆ ఆక్యురసీ అంకెకి అర్థం 68 శాతం నమ్మకం అని, అంటే మూడింట ఒకసారి మీరు ఆ వృత్తం బయటే ఉండొచ్చు. హార్డ్‌వేర్ నిజాయితీగా "నాకిక్కడ సరిగ్గా కనపడట్లేదు" అని చెప్తూనే ఉంది. మధ్యలో ఎవడో ప్రోగ్రామర్, బహుశా మనలాగే ట్యుటోరియల్ చూసి రాసినవాడు, స్పీడ్ 60 దాటిందా అని ఒక ఇఫ్ రాసి, మిగతా ఫీల్డ్‌లన్నీ పక్కన పడేశాడు. ఆ ఇఫ్‌లో ఇంకో రెండు కండిషన్లు పెట్టి ఉంటే బాబాయ్ డబ్బు మిగిలేది. శాటిలైట్లు ఆరు కంటే తక్కువైతే వదిలెయ్. ముందు సెకను 30, తర్వాత సెకను 84 అయితే వదిలెయ్, ఏ బస్సూ అంత పికప్ తీసుకోలేదు.

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే మా నాన్నకి ఇదంతా చెప్తే ఆయన ఒక్కటే అడిగారు, "ఆ డబ్బా మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉందా?" ప్లాంట్‌లో తేదీ దాటిన గేజ్ రీడింగ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరట. ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు తూచే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. పోలీసులు స్పీడ్ పట్టే రాడార్ గన్‌లకి కూడా 2025 జూలై 1 నుంచి ఆ శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి చేస్తూ రూల్స్ వచ్చాయి. కిలో రొయ్యలకి ఉన్న రక్షణ ఒక డ్రైవర్ జీతానికి ఎందుకు ఉండకూడదు? డెలివరీ బాయ్‌లు, క్యాబ్ డ్రైవర్లు, జియోఫెన్స్ లోపల నిలబడి అటెండెన్స్ వేయాల్సిన ఉద్యోగులు, అందరి మీదా ఇప్పుడు ఈ చుక్కే తీర్పు చెప్తోంది. జీపీఎస్ నంబర్ చూపించి ఎవరి డబ్బైనా కట్ చేస్తే, ఆ క్షణంలో ఎన్ని శాటిలైట్లు ఉన్నాయో కూడా ఆ మనిషికి చూపించాలి. నేను అడిగేది ఇంతే. డేటా ఆల్రెడీ సర్వర్‌లో ఉంది, కొత్తగా పైసా ఖర్చు లేదు.

మీరు అనొచ్చు, డ్రైవర్లు నిజంగానే స్పీడ్‌గా వెళ్తారు, ట్రాకర్లు ఉండబట్టే భయం ఉంది, నువ్వు ఇలా లూప్‌హోల్స్ నేర్పిస్తే ఎలా అని. మా అమ్మ కూడా అదే అంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు కొంచెం ఇబ్బందికరమైనది. ఐదో రోజు మధురవాడ దాటాక, ఆనందపురం వైపు రోడ్డు ఖాళీగా ఉన్నచోట, పైన ఫ్లైఓవర్ లేదు, చెట్లు లేవు, డబ్బా స్క్రీన్ మీద ఆకాశం నిండా శాటిలైట్లు, స్పీడ్ 74. అర నిమిషం పాటు 74, 73, 74. స్పీడోమీటర్ 80. ఫోన్ 74. ఆ రోజు లేటయ్యాం, బాబాయ్ తొక్కాడు. మావాడు పెన్ను ఆపి నా వైపు చూశాడు. రాద్దామా వద్దా? రాశాం. బాబాయ్ అద్దంలోంచి చూశాడు, మాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కానీ ఆ 74ని రాయబట్టే మా నోట్‌బుక్‌కి విలువ వచ్చిందని నా ఉద్దేశం. కాంట్రాక్టర్ ముందు పెట్టినప్పుడు ఆయన మొదట చూసింది ఆ పేజీనే. "ఇది ఒప్పుకుంటున్నారుగా?" అన్నాడు. ఒప్పుకున్నాం, బాబాయ్ కూడా తల దించుకుని ఒప్పుకున్నాడు. తర్వాత పేజీ తిప్పి ఎన్ఏడీ దగ్గర మా డబ్బా చూపించిన 112 చూపించాం. "సార్, మీ బస్సు 112 వెళ్తుందా?" ఆయనకి నవ్వాగలేదు. "112 వెళ్తే అమ్మేసి రేసు కారని చెప్తాను" అన్నాడు. 84కి కట్ చేసిన డబ్బు గురించి మాత్రం "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. ఎన్ఏడీ దగ్గర వచ్చిన అలర్ట్‌లకి ఇప్పుడైతే డబ్బు కట్ చేయట్లేదు, దాన్ని యాప్‌లో మార్చలేదు, ఆఫీసులో అన్న గుర్తుపెట్టుకుని వదిలేస్తున్నాడు. ఆయన మానేస్తే మళ్ళీ మొదటికే.

ఆ యాప్‌లో మార్పు ఎలా ఉండాలో మేం పైథాన్‌లో రాసి చూపించాం, నలభై లైన్లు కూడా లేదు. మా బస్సు ఐదు రోజుల డేటా మీద అది ఎన్ఏడీ స్పైక్‌లన్నీ పట్టేసింది, ఆనందపురం 74ని వదల్లేదు. వేరే రూట్లలో ఎలా పనిచేస్తుందో చూడాలి. కాన్వెంట్ జంక్షన్ నుంచి పోర్టు రోడ్డులో, కంటైనర్ల మధ్య నుంచి వచ్చే బస్సు ఎవరిదైనా ఉంటే క్లబ్ గ్రూప్‌లో చెప్పండి, ఫోన్ చాలు, డబ్బా అక్కర్లేదు.

డబ్బా ఎలాగూ మా దగ్గర లేదు. జూన్ 14కి ముందే హార్బర్‌కి వెళ్ళి ఇచ్చేశాం. ఐస్ లారీలు, డీజిల్ డ్రమ్ములు, అందరూ హడావిడిలో ఉన్నారు. అంకుల్ అంత హడావిడిలోనూ బోటు అంచు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మార్కులన్నీ ఒక్కోటి కిందకి జరుపుతూ లెక్కపెట్టుకున్నారు. అన్నీ ఉన్నాయి. పైగా ఒకటి ఎక్కువుంది. వేపచెట్టు దగ్గర మేం పెట్టిన మార్కు తీసేయడం మర్చిపోయాం. ఈ డబ్బాలో పేరుకి ఆరు అక్షరాలే పడతాయి, అందుకని క్యాంటీన్ ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో ఒక 'ఈ' తీసేసి పెట్టాం.

"ఇదేటి బాబూ, ఇక్కడ ఏటి దొరుకుద్ది?" అన్నారు.

"సమోసా, అంకుల్."

ఉంచేయమన్నారు.